ఓడెక్కినవాడి జాడ, రైలెక్కినవాడి జాడ

శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరి రచ్చబండ దగ్గర కాసేపు కూర్చున్నా ఒక మాట వినిపిస్తుంది. "మా తాత తమ్ముడొకడు టాటా ఎల్లిపోనాడు. మరి రాలేదు." టాటా అంటే జంషెడ్‌పూర్. అక్కడ కంపెనీ పేరే ఊరి పేరైపోయింది. అదే జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ స్టేషనుకు ఆనుకున్న జుగ్సలాయిలో, మూడో తరం తెలుగువాణ్ణి కదిపితే ఈ కథ రెండో కొస బయటపడుతుంది. "మాది టెక్కలి దగ్గర ఏదో ఊరు. మా నాన్నకి తెలుసు. నాన్న పోయాడు." ఒక కొసన మనిషి తప్పిపోయాడు, ఇంకో కొసన ఊరు తప్పిపోయింది. మధ్యలో ఉన్నది ఒక రాత్రి రైలు ప్రయాణం.

తప్పిపోయిన రక్తసంబంధీకులను కాగితాల ద్వారా వెతకడం ఇప్పుడు ప్రపంచమంతా ఒక పెద్ద వ్యాపకం. దాని గురించి మనవైపు వచ్చే రాతలన్నీ ఇంచుమించు ఒకే పాట పాడతాయి. ఫలానా సైటు తెరవండి, ఫలానా పరీక్ష చేయించుకోండి, వంశవృక్షం వచ్చేస్తుంది అని. జుగ్సలాయిలో నిలబడి చూస్తే ఆ భరోసా తేలిపోతుంది. తెలుగు వలసలన్నీ ఒకచోట పెట్టి ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అని లెక్క చూస్తే వింత నిజం ఒకటి తేలుతుంది. నూట ముప్పై ఏళ్ళ కిందట సముద్రం దాటి చెరకు తోటలకు పోయిన కూలీ జాడ ఇవాళ దొరుకుతుంది. తొంభై ఏళ్ళ కిందట పలాసలో రైలెక్కి టాటానగర్‌లో దిగినవాడి జాడ దొరకదు.

ముందు ఓడెక్కినవాడి సంగతి. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా డర్బన్ ఉన్న నటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారు 1,52,184 మంది. ఇంత ఖచ్చితమైన అంకె ఉందంటేనే అర్థం చేసుకోవచ్చు, ఒక్కొక్కరికీ ఒక నంబరు ఉంది. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు. ఆ జాబితాల్లో విశాఖపట్నం, గంజాం జిల్లాల పేర్లు తరచుగా కనిపిస్తాయి. ఇవాళ డర్బన్‌లో గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్‌లో వాటిని వెతుక్కోవచ్చు. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు అరవై వేల పైచిలుకు మంది వెళ్ళారు. మద్రాసు ఓడలు మొదలైంది 1903లో. వారి ఎమిగ్రేషన్ పాసులు ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మారిషస్‌లో ఈ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వలస కూలీల ఫొటోలు కూడా వాటిలో ఉన్నాయి. ఈ రికార్డులను 2015లో యునెస్కో తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. కోరింగ రేవులో ఓడెక్కినందుకు అక్కడ మనవాళ్ళకు కోరింగీలని పేరొచ్చింది.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, అయిదేళ్ళ ఒప్పందం మీద డబ్బు పోసి తెచ్చుకున్న కూలీ తోటలోంచి పారిపోతే పట్టుకోవాలి కదా. అందుకే ఎడమ మోకాలి మీది మచ్చ కూడా రాసిపెట్టుకున్నారు. పట్టుకోవడానికి రాసుకున్న ఆ మచ్చే ఇవాళ మునిమనవరాలికి ఆనవాలుగా పనికొస్తోంది.

అయితే సముద్రం దాటినవాళ్ళందరికీ ఈ కాగితం లేదు. బర్మా 1937 దాకా ఇండియాలో ఒక భాగం. కోస్తా రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి పోయిన లక్షల మందికి ఎమిగ్రేషన్ పాసుతో పనే లేకపోయింది. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు అడవిదారిన నడిచి వస్తూ దారిలోనే రాలిపోయినవారి పేర్లు ఎక్కడా లేవు. 1964 తర్వాత తిరిగొచ్చిన వారికి మాత్రం ప్రభుత్వం ఇచ్చిన కాందిశీకుల కాగితాలు ఉన్నాయి. విశాఖలో బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. కాబట్టి అసలు తేడా ఓడకూ రైలుకూ మధ్య లేదు. ఒప్పందం మీద వేలిముద్ర వేసినవాడు కాగితంలో మిగిలాడు. ఎవరి ఒప్పందమూ లేకుండా తన కాళ్ళమీద తాను పోయినవాడు మాయమయ్యాడు.

టాటా పోయినవాడు ఈ రెండో రకం. కంపెనీ పుట్టింది 1907లో. సాక్చి దగ్గర కొలిమి వెలిగి మొదటి ఉక్కు వచ్చింది 1912లో. బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరును ఖర్గపూర్‌తో, ఖర్గపూర్‌ను కాళీమాటి స్టేషన్‌తో కలిపింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి టాటానగర్ అయింది. మూడో తరగతి టిక్కెట్టు మీద పేరుండదు. ఎవరు దిగారో, ఎవరు ఖర్గపూర్ వర్క్‌షాపు దగ్గరే ఆగిపోయారో రాసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

దిగాక కంపెనీ పట్టీలోకి ఎక్కినవాడు అదృష్టవంతుడు. టాటా కంపెనీలో ప్రావిడెంట్ ఫండ్ 1920లో మొదలైంది, గ్రాట్యుటీ 1937లో. ఫండ్ ఉందంటే నామినీ ఉండాలి. నామినీ అంటే పేరు, వరస, ఊరు. మన కాగితాల్లో వంశవృక్షానికి బాగా దగ్గరగా వచ్చేవాటిలో ఇదొకటి. రైల్వేలో చేరినవాడికైతే పాసుల కోసం ఇచ్చే కుటుంబ డిక్లరేషన్ ఉంటుంది. తల్లి, పెళ్ళికాని చెల్లెలు, తమ్ముడు, అందరూ అందులో ఉంటారు. చిక్కేమిటంటే ఇవి వారసులు అడగవలసిన కాగితాలు. తమ్ముడి మనవడు వచ్చి అడిగితే "మీరెవరు?" అంటారు. నేను ఫలానా అని రుజువు చేసుకోవడానికే కదా ఆ కాగితం కావలసింది! జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ ఆర్కైవ్స్, పుణెలో టాటా సెంట్రల్ ఆర్కైవ్స్ ఉన్నాయి. సంస్థ చరిత్ర రాసేవారికి అవి నిధులు. కొలిమి దగ్గర బొగ్గు తట్ట ఎత్తిన మన తాత కోసం వెళ్ళేవాడు ఎక్కువ ఆశలు పెట్టుకోకపోవడం మంచిది.

ఇక పట్టీలోకే ఎక్కనివాడు? కంట్రాక్టరు కింద రోజుకూలీ, గూడ్స్ షెడ్ హమాలీ, రేజాగా ఇటుకలు మోసిన ఆడమనిషి, జుగ్సలాయి మార్వాడీ కొట్లలో బస్తాలు దించినవాడు. జుగ్సలాయి కంపెనీ లీజు పట్టణానికి అవతల, సొంత మునిసిపాలిటీతో పెరిగిన ఊరు. క్వార్టరు దక్కనివాడికి అద్దెగది దొరికేది ఇలాంటి చోటే. అద్దెకున్నవాడికి భూమి కాగితం ఉండదు. ఝార్ఖండ్‌లో స్థానికుడంటే ఎవరన్న ప్రశ్న చివరికి ఖతియాన్ దగ్గరే, అంటే సర్వే రికార్డు దగ్గరే, ఆగుతుంది. 1932 ఖతియాన్ ఆధారంగా స్థానికతను నిర్ణయించే బిల్లును రాష్ట్ర శాసనసభ 2022 నవంబర్‌లో ఆమోదించింది. ఆదివాసులకు అది తమ నేల గురించిన న్యాయమైన పట్టుదల. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నూరేళ్ళుగా ఉంటున్న తెలుగు కూలీ కుటుంబం ఆ రిజిస్టర్లలో కనబడదన్నది మాత్రం వెతికేవారు ముందే తెలుసుకోవాలి.

వెతకడానికి కూర్చున్నవాడు మొట్టమొదట తప్పటడుగు వేసేది జిల్లా పేరు దగ్గర. మనుషులు కదలకపోయినా జిల్లాలు కదులుతాయి. టెక్కలి 1936 దాకా గంజాం జిల్లా, తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. పార్వతీపురం శ్రీకాకుళంలోంచి 1979లో విజయనగరానికి, 2022లో తన పేరిటే ఉన్న మన్యం జిల్లాకు వచ్చింది. 1925 నాటి కాగితంలో గంజాం అని చూసి బరంపురం వెళ్ళి వెతికితే ఒడిశా చూసి రావడమే మిగులుతుంది. అవతలి కొస కూడా అంతే. జుగ్సలాయి ఉన్న సింగ్‌భూమ్ 1912 దాకా బెంగాల్, తర్వాత బీహార్-ఒరిస్సా, 1936 నుంచి బీహార్, 2000 నవంబర్ 15 నుంచి ఝార్ఖండ్. తూర్పు సింగ్‌భూమ్ వేరు జిల్లా అయింది 1990లో. అంతకు ముందటి జిల్లా కేంద్రం చాయ్‌బాసా. పాత కాగితం కావాలంటే అక్కడా అడగాలి.

చావు పుట్టుకల రిజిస్టర్లకు ఇంకో మెలిక ఉంది. 1969 చట్టం ప్రకారం నమోదు జరిగేది మనిషి ఎక్కడ చనిపోతే అక్కడ, కాపురమున్న చోట కాదు. జుగ్సలాయిలో బతికి, బిష్టుపూర్‌లో ఆసుపత్రిలో పోయినవాడి కోసం జుగ్సలాయి నగర పరిషత్తులో ఎన్నాళ్ళు వెతికినా లాభం లేదు. 1969కి ముందు మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో 1899 చట్టం కింద మునసబు రాసిన రిజిస్టర్లున్నాయి. వాటిలో బిడ్డ పేరు ఉండదు, "మగ శిశువు" అని ఉంటుంది; పేరు పెట్టకముందే నమోదు అయిపోతుంది. తండ్రి పేరుతో, ఏడాదితో పట్టుకోవాలి.

జనాభా లెక్కల మీద ఆశ వద్దు. బ్రిటన్ నూరేళ్ళ తర్వాత ఇంటింటి పత్రాలను బయటపెడుతుంది. 1921 నాటివి 2022లో వచ్చాయి. అమెరికా డెబ్భై రెండేళ్ళు ఆగి 1950 నాటివి తెరిచింది. మన 1948 చట్టం అలా ఎప్పటికైనా తెరవాలని చెప్పదు. లెక్క తేలాక పత్రాలను దాచిపెట్టే అలవాటూ లేదు. ఇంగ్లీషులో వచ్చే వంశాన్వేషణ పుస్తకాలు సగం సెన్సస్ చుట్టూ తిరుగుతాయి. మనకు ఆ సగం చింపెయ్యవచ్చు.

మనకున్న ప్రత్యామ్నాయం ఓటర్ల జాబితా. పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, ఇంటి నంబరు. 2025లో బీహార్ జాబితాల ప్రత్యేక సవరణకు 2003 జాబితాను ప్రాతిపదికగా పెట్టడంతో లక్షలమంది తమ తల్లిదండ్రుల పేర్ల కోసం పాత జాబితాలు తిరగేశారు. అంతకుముందు అస్సాంలో పౌర రిజిస్టర్ కోసం వంశవృక్షాలు దాఖలు చేయించారు. 2019 ఆగస్టు 31న వచ్చిన తుది జాబితాలో 19 లక్షల పైచిలుకు మందికి చోటు దొరకలేదు. తాత పేరు తెలియడం సరదా అనుకునే రోజులు పోయాయి.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. మొదటి సాధారణ ఎన్నికల జాబితా రాసేటప్పుడు లక్షలాది మంది స్త్రీలు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు. దాదాపు 28 లక్షల మందిని ఎన్నికల సంఘం జాబితాలోంచి తీసేసింది. అలాంటివారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో బీహార్ ఒకటి, జుగ్సలాయి అప్పుడు బీహార్‌లోనే ఉంది. మనవాళ్ళలో ఆడపిల్లకు పెళ్ళితో ఇంటిపేరూ మారుతుంది. అందుకే నాన్నమ్మ పుట్టింటివైపు వెతికేవాళ్ళు సగం దారిలో ఆగిపోతుంటారు. వంశవృక్షాల్లో కొమ్మలన్నీ మగవే ఎందుకంటే కాగితం అలా ఉంది మరి.

ఇక అసలు ముడి, పేరు. తెలుగువాడి ఉనికి ఇంటిపేరులో ఉంది. ఆ ఇంటిపేరునే మనం ముందు పెట్టి, ఒక్క అక్షరానికి కుదించి రాస్తాం. పొరుగు రాష్ట్రపు గుమాస్తాకు ఆ పొడి అక్షరం ఎందుకుందో తెలియదు. చివర ఉన్నదే వంశనామం అనుకుంటాడు. కె. అప్పారావు కాస్తా అప్పా రావు అవుతాడు. కొడుకు స్కూల్లో చేరేసరికి రావు ఇంటిపేరైపోతుంది. జంషెడ్‌పూర్‌లో ఎందరు రావులో! వాళ్ళలో ఒకరికొకరు ఏమీ కారు. నటాల్‌లోనూ ఇదే జరిగింది, నాయుడు నాయ్‌డూ అయింది, కులం పేరు వంశం పేరై కూర్చుంది. ఓడ జాబితా పట్టుకుని ఊరిదాకా రాగలిగిన డర్బన్ మనిషిని ఊళ్ళో మొదట అడిగే మాట "ఏ ఇంటోళ్ళు బాబూ?" అని. ఆ ఒక్కటే అతని కాగితంలో లేదు.

లిపి మారినప్పుడు మరో నష్టం. హిందీ రాతలో మన హ్రస్వ ఎ, ఒ లకు మామూలుగా అక్షరం లేదు. ఇంగ్లీషులో రాసిన కొల్లి హిందీలోకి వెళ్ళి కోలీ అవుతుంది. కోలీ అంటే అక్కడ ఒక కులం. ఇలా రెండు లిపులు దాటి తిరిగి తెలుగులోకి వచ్చిన పేరును కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. అందుకే వెతికేటప్పుడు పేరును కళ్ళతో చదవకూడదు, పైకి పలికి చూడాలి. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా పిల్లవాడు షేరు 1986లో అయిదేళ్ళ వయసులో రైల్లో కలకత్తా వెళ్ళిపోయి, ఆస్ట్రేలియాకు దత్తు పోయి, సరూ బ్రయర్లీ అయ్యాడు. తన పేట గణేశ్ తలాయి అతని జ్ఞాపకంలో గినెస్ట్‌లేగా మిగిలింది. పాతికేళ్ళ తర్వాత గూగుల్ ఎర్త్‌లో స్టేషన్లు చూసుకుంటూ ఇల్లు చేరాడు. పేరు తప్పింది కానీ స్టేషను దగ్గరి నీళ్ళ ట్యాంకు కంటికి గుర్తుంది.

ఉత్తరాంధ్రవారికి మాత్రం ఇంటిపేరు పోయినా పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. అక్కడ పేర్లు చాలావరకు ఆ చుట్టుపక్కల దేవుళ్ళవి. కూర్మారావు, కూర్మయ్య అంటే శ్రీకూర్మం దాపు. ముఖలింగం అంటే వంశధార ఒడ్డు. పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. నూకరాజు అనకాపల్లి నూకాలమ్మ పేరు. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పయ్యమ్మ సింహాద్రి అప్పన్న మొక్కు. ఆసిరినాయుడు అనగానే శ్రీకాకుళం వైపు తిరగవచ్చు. ఇది రుజువు కాదు; కానీ ఏ దిక్కుకు నడవాలో చెబుతుంది. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉంది. జుగ్సలాయి కుటుంబంలో పెద్దమనవడు కూర్మారావు అయితే, ఊరి రికార్డుల్లో 1900 ప్రాంతంలో మరో కూర్మన్న కోసం చూడవచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ ఈ మాట చెప్పగా నేను చూడలేదు.

సర్కారు రాయనిది మనవాళ్ళు రాసుకోలేదా అంటే, రాసుకున్నారు, పాడుకున్నారు కూడా. రెడ్లకు పిచ్చుకుంట్లవాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు గోత్రాలూ వంశాలూ చెప్పేవారు. పిచ్చుకుంట్లవారికి ఇప్పుడు వంశరాజ్ అన్న పేరు సర్కారు జాబితాలోకే ఎక్కింది. పాడించుకునే ఇళ్ళు తగ్గాయి కనుక పాడేవారూ తగ్గారు. గయలో పిండం పెట్టినప్పుడు, పూరీ వెళ్ళినప్పుడు పండాలు ఊరూ పేరూ రాసుకుంటారు. జుగ్సలాయి నుంచి రెండూ అంత దూరం కాదు. హరిద్వార్ పండాల వహీలను, అంటే అలాంటి పుస్తకాలను, అమెరికాలోని యూటా రాష్ట్రపు వంశవృక్ష సంఘం మైక్రోఫిల్మ్ తీసింది. అయితే పండా పుస్తకం ఊరి పేరు మీద నడుస్తుంది. ఊరు తెలియనివాడికి పండా కూడా ఏమీ చెప్పలేడు.

నా ఓటు మాత్రం ఇంటి కాగితాలకే. మన దగ్గర చదివింపుల పుస్తకమని ఒకటుంది, దాన్ని ఎవరూ చరిత్ర అనుకోరు. పెళ్ళిలో ఒక పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని ఎవరు ఎంత చదివించారో రాస్తాడు. రేపు వాళ్ళింట పెళ్ళికి అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి కనుక తప్పు రాయడు. ఇంటిపేరు, పేరు, ఊరు, రూపాయలు, అన్నీ ఉంటాయి. మా ఇంట్లోనూ ఒక తప్పిపోయినవాడున్నాడు, మా తాతకు పినతండ్రి కొడుకు. సర్కారు రికార్డుల్లో ఆరునెలలు తిరిగినా ఏమీ తేలలేదు. మా మేనత్త పెళ్ళి చదివింపుల పుస్తకంలో ఆయన పేరు, పక్కన "టాటా", దాని పక్కన అయిదు రూపాయలు. ఊరికి రాని మనిషి ఎవరిచేతో డబ్బు పంపాడు. అంటే కోపంతో పోలేదు. మాకు దొరికింది ఇంతే. కానీ అప్పటిదాకా ఇంట్లో చెప్పుకున్న కథ దానితో మారిపోయింది.

దస్తావేజులదీ అదే విలువ. భాగపంపకాల దస్తావేజులో దేశాంతరం పోయిన అన్నదమ్ముడి వాటా సంగతి రాయక తప్పదు, లేకపోతే ఆ భాగం అతని మీద చెల్లదు. ఊళ్ళో సెంటు భూమి ఉన్న కుటుంబమైతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయించడం అన్నిటికన్నా ముందు చెయ్యవలసిన పని. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసుకే వెళ్ళాలి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయ్యాక చేతులు మారిన కట్టల్లో ఏది ఎక్కడుందో అడిగి చూసుకోవలసిందే.

డీఎన్ఏ పరీక్షల గురించి క్లుప్తంగానే చెబుతాను. పరీక్ష చేయించుకున్న బంధువు ఆ పట్టికలో ఉంటేనే మనకు జోడీ దొరుకుతుంది. డర్బన్, ఫిజీ మనవళ్ళు చేయించుకుంటున్నారు; టెక్కలిలో ఉన్న మనవడు ఎందుకు చేయించుకుంటాడు? పైగా ఆ వ్యాపారంలో పెద్దపేరైన 23అండ్‌మీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. మన రక్తం వివరాలు ఎవరి చేతికి పోతాయన్నది అప్పుడు కోర్టు వ్యవహారమైంది.

నిన్నమొన్న తప్పిపోయినవారి దారి పూర్తిగా వేరు. అక్కడ వంశవృక్షం పనికిరాదు. పోలీసు స్టేషను, పిల్లలైతే 1098, యుద్ధాల్లో విడిపోయినవారికి రెడ్‌క్రాస్. ఏడేళ్ళు ఏ కబురూ లేనివాణ్ణి చట్టం చనిపోయినట్టే భావించనిస్తుంది. ఆస్తి పంపకానికి అది చాలు, తల్లికి చాలదు.

ఒక మాట చెప్పడానికి వంశాన్వేషణ పుస్తకాలన్నీ మొహమాటపడతాయి. పోయినవాళ్ళందరూ తప్పిపోలేదు, కొందరు తప్పుకున్నారు. అప్పు, కులం కాని పెళ్ళి, ఊళ్ళో అవమానం, అక్కడ ఇంకో సంసారం. వాళ్ళకు టాటా కొత్త పేరిచ్చింది. అలాంటివారి పిల్లల తలుపు తట్టి "మీ నాన్నకి ఊళ్ళో మొదటి భార్య ఉంది" అని చెప్పే హక్కు మనకుందా? సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత వివరాల మినహాయింపును 2023 నాటి డేటా రక్షణ చట్టం మరింత బిగించింది. వెతికేవారికి అది ఇబ్బందే. దాక్కున్నవారి తరఫున ఆలోచిస్తే పూర్తిగా అన్యాయమూ కాదు. దొరికినవారికి ముందు ఒక ఉత్తరం రాసి, జవాబు వస్తేనే వెళ్ళడం మర్యాద.

జుగ్సలాయిలో పాత ఇళ్ళు కూలుస్తున్నారు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. శ్రీకాకుళంలో పెంకుటిళ్ళదీ అదే వరస. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టె పాతసామానువాడికి వేసేముందు ఒక్కసారి తెరవండి. శుభలేఖలు, చదివింపుల పుస్తకాలు, పాత మనియార్డరు రశీదులు ఉంటే పక్కన పెట్టండి. మీ ఇంటిపేరు, ఊరు పేరు పూర్తిగా, తెలుగులో, పిల్లలచేత ఒక కాగితం మీద రాయించి అందులో పెట్టండి.